నేను కొట్టెయ్యని వాక్యం

పోయిన నెల కంట్లో శుక్లం తీయించుకోవడానికి ఇర్వింగ్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న సర్జరీ సెంటర్‌కి వెళ్తే, నీలం టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి మంచం పక్కకి వచ్చి, నా పేరు చూసి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల మెత్తని తెలుగులో, "ఆంటీ, నేనే మీ నర్స్ అనస్థటిస్ట్, మీకు మత్తు ఇచ్చేది నేనే. లాస్ట్ ఎప్పుడు తిన్నారు?" అని అడిగింది. రాత్రి ఏడింటికి అన్నాను. చేతిలో ఉన్న తెర మీద ఒక గడిలో టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న నా ఉద్యోగ జీవితంలో రోజూ అడిగాను. ఒకే ఒక్కసారి దాని పక్కన ఇంకో ప్రశ్న అడిగాను; దానికి వచ్చిన జవాబు నా ఉద్యోగాన్ని తినేసింది.

డెబ్బైల చివర్లో గుంటూరు నుంచి నర్సులుగా ఇక్కడికి వచ్చిన మనవాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. వార్డు పని చేస్తూనే మత్తు ఇచ్చే చదువు చదివి, ఎనభైల మొదట్లో నేను ఆ పనిలో కుదురుకున్నాను. ఇప్పటిలా వేలికి తొడిగితే రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చెప్పే పరికరం అప్పటికి మా ఆసుపత్రికి రాలేదు. రోగి ఛాతీ మీద ఒక బరువైన ఇనుప బిళ్ళ అంటించి, దాని గొట్టాన్ని నా ఒక చెవిలో పెట్టుకుని, ఆపరేషన్ అయ్యేదాకా ఆ గుండె చప్పుడు వింటూ, ఒక చేతి వేళ్ళు నాడి మీద ఉంచి, అయిదు నిమిషాలకోసారి బీపీ, నాడి కాగితం మీద చుక్కలుగా పెట్టేదాన్ని. ఆ కాగితం కింద సంతకం నాది. మత్తులో ఉన్న మనిషికి తన తరఫున మాట్లాడే వీలుండదు కాబట్టి ఆ కాగితమే ఆ మనిషి నోరు అని నా నమ్మకం. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు చేసిన మా నాన్న శనివారం సభల్లో మమ్మల్ని వాదనకి నిలబెట్టి, ఎవరు చెప్పారన్నది కాదు, ఎందుకు చెప్పారో అడగండి అనేవాడు. దేవుణ్ణి నాన్నకే వదిలేశాను గానీ ఆ అలవాటు మాత్రం నాతోపాటు విమానం ఎక్కింది.

అప్పట్లో మన తెలుగు ఆరాధన ఎవరో ఒకరి అపార్ట్‌మెంటులో, సోఫాలు గోడకి జరిపి, కింద దుప్పట్లు పరిచి జరిగేది. నమ్మకం లేకపోయినా తెలుగు మాట కోసం, ఆ తర్వాత పెట్టే పులిహోర కోసం మా ఆయనతో కలిసి వెళ్ళేదాన్ని. అక్కడి ఒక కుటుంబంలోని పెద్దావిడ, మేమందరం పిన్నిగారు అని పిలిచే మనిషి, పిత్తాశయంలో రాళ్ళతో బాధపడుతూ ఒక రోజు పొద్దున్న మా ఆసుపత్రిలోనే ఆపరేషన్‌కి చేరింది. ప్రాణం మీదికి వచ్చింది కాదు, ఒక రోజు ఆగినా నష్టం లేనిది. ఆసుపత్రిలో చేర్చుకున్న కాగితంలో అంతా సవ్యంగానే ఉంది: అర్ధరాత్రి నుంచి ఏమీ తినలేదు, తాగలేదు. కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు, గుమాస్తా రాసింది.

నేను మంచం దగ్గర నిలబడి ఆవిడ మొహం చూశాను. కంగారు లేదు, నిబ్బరంగా ఉంది. ఆ నిబ్బరం నాకు తెలుసు. మా ఊళ్ళో ప్రయాణానికి ముందు, పరీక్షకి ముందు, ఆపరేషన్‌కి ముందు, ఇంటికి పాస్టరుగారిని పిలిచి సంస్కారం, అంటే ప్రభువు పేరున దీవించిన రొట్టె, ద్రాక్షరసం, పుచ్చుకునే వాళ్ళ మొహాల్లో ఉండే నిబ్బరం అది. అందుకే తెలుగులో అడిగాను: "పిన్నిగారూ, పొద్దున్న సంస్కారం పుచ్చుకున్నారా?"

"పుచ్చుకోకుండా వస్తానా అమ్మా! ఆరింటికే పాస్టరుగారు వచ్చారు. నీరసంగా ఉన్నావమ్మా అని రొట్టె కూడా పెద్ద ముక్కే పెట్టారు. ద్రాక్షరసం గ్లాసుడు ఇచ్చారు."

రొట్టె అంటే కోడలు చేసిన చపాతీ, సగం. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ లెక్కలో అది తినడం కాదు. కానీ మత్తులో గొంతు కాపలా వదిలేస్తుంది. కడుపులో ఉన్నది పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే, అది దీవించిన రొట్టో కాదో ఊపిరితిత్తులు అడగవు.

సర్జన్‌కి చెప్పాను. ఆయన చేతులు కడుక్కుంటూనే నవ్వి, ఒక ముక్క రొట్టెకి నా రోజంతా పాడు చేస్తావా, పడుకోబెట్టు అన్నాడు. పడుకోబెట్టను అన్నాను. అప్పుడు తిరిగి చూసి, ఈ గదిలో ఓడకి కెప్టెన్‌ని నేను, బాధ్యత నాది అన్నాడు. ఆ రోజుల్లో సర్జన్లందరి నోటా ఉండే మాటే అది. ఓడ మునిగితే మీరు ఈది బయటపడతారు డాక్టర్, మునిగేది ఆవిడ, ఆవిడతోపాటు నా లైసెన్సు. దాన్ని రాష్ట్రం నా పేరున ఇచ్చింది, మీ పేరున కాదు అన్నాను. తప్పని తెలిసి చేసిన పనికి, పెద్దవాళ్ళు చెయ్యమన్నారన్నది కోర్టులో జవాబు కాదు, మనస్సాక్షి దగ్గర అసలే కాదు. కాగితం తీసి రాశాను: రోగి ఉదయం ఆరు గంటలకి సగం చపాతీ, గ్లాసు ద్రాక్షరసం తీసుకున్నట్టు తెలుగులో నాకు చెప్పారు, సర్జన్‌కి తెలియజేశాను, వాయిదా వెయ్యమని కోరాను. టైము వేసి, సంతకం పెట్టాను.

ఆయన ఇంకో నర్సుని పిలిపించాడు. ఆమె వచ్చింది, ఆ వాక్యం చదివింది, నా మొహం చూసింది, తీసిన మాస్కు మళ్ళీ కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయింది. ఆ రోజుకి ఆపరేషన్ ఆగింది.

మధ్యాహ్నం సూపర్వైజరు నన్ను గదికి పిలిచి బల్ల మీద ఖాళీ కాగితం పెట్టింది. ఆసుపత్రుల్లో అప్పుడొక అలవాటు ఉండేది. మరకలు పడ్డ కాగితాన్ని శుభ్రంగా తిరగరాసి పాతది చించేసేవారు. ఆ మర్యాద ముసుగులోనే అడిగింది, ఇది కాస్త శుభ్రంగా తిరగరాయి, ఆ వాక్యం అక్కర్లేదు అని. మా గ్రీన్‌కార్డు దరఖాస్తు ఆ ఆసుపత్రి ఇచ్చే ఉత్తరం మీదే నిలబడి ఉందని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. కాగితం శుభ్రంగానే ఉందండీ, అడిగే పనే శుభ్రంగా లేదు అని లేచి వచ్చేశాను.

మర్నాడు పరగడుపున, ఇంకొకరు మత్తు ఇస్తే, ఆపరేషన్ జరిగింది, పిన్నిగారు బాగానే లేచారు. అక్కడే వచ్చింది చిక్కు. ప్రమాదం జరిగి ఉంటే అందరూ చూసేవాళ్ళు. జరగని ప్రమాదానికి సాక్షులుండరు. పిన్నిగారు ఇంటికి వచ్చాక, రొట్టె వల్ల ఆపరేషన్ ఆగిందని కొడుకు నోట విన్న పాస్టరుగారు, ఆదివారం ఆరాధనలో, చదువెక్కువైనవాళ్ళకి ప్రభువు బల్ల మీది రొట్టె కూడా విషంలా కనబడుతుందని ప్రసంగించారు. అందరి చూపులూ నా మీదే. రోగి విషయం సభలో చెప్పే హక్కు నాకు లేదు. నన్ను కాపాడుకోవడానికైనా సరే.

మాట్లాడింది పిన్నిగారు. కుట్లు పట్టుకుని, గోడకి ఆనుకుని లేచి, "అయ్యా, ఆ అమ్మాయి అడిగింది, నేను చెప్పాను. డాక్టర్లు ఇంతమంది ఉన్నారు, ఒక్కడూ అడగలేదే! ఇందులో దేవుడికి కోపమెందుకు?" అంది. ఆవిడే నోరు విప్పాక నాకు అడ్డేముంది? "కడుపుకి బాప్తిస్మం ఉండదు పాస్టరుగారూ" అన్నాను. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు కీర్తన అందుకున్నారు.

ఆ ఏడాది చివర ఆసుపత్రి నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం రాయలేదు, శుభ్రమైన కాగితం. ఊరికి గంటన్నర దూరంలో ఒక చిన్న ఆసుపత్రిలో కుదిరి, రోజూ హైవే మీద పోయి వస్తూ, గ్రీన్‌కార్డు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. మా ఆయన ఏళ్ళ తరబడి, ఒక్క వాక్యం కొట్టేస్తే పోయేదేముంది అని అడిగేవాడు. పోయేది నా సంతకం అని చెప్పేదాన్ని. ఆ కాగితం నకలు నేను తీసుకోలేదు, అది నాది కాదు కాబట్టి. పాత రికార్డులన్నీ ఎప్పుడో చించేసి ఉంటారు. ఇప్పుడా వాక్యం ఉన్నది నా తలలో ఒక్కచోటే.

పోయిన నెల సర్జరీ సెంటర్‌లో ఆ అమ్మాయి సంతకం పెట్టమని తెర ఇస్తే, మొత్తం చదివి పెడతాను అన్నాను. "ఎవరూ చదవరు ఆంటీ" అని నవ్వింది గానీ లాక్కోలేదు. నేను మూడో పేజీలో ఉండగా డాక్టరు తలుపులోంచి తొంగిచూసి, అయిందా అన్నాడు. ఆ అమ్మాయి తల కూడా తిప్పకుండా, ఇంకా లేదు డాక్టర్, ఆగండి, ఆవిడ చదువుతున్నారు అంది. ఆయన సరేనని వెళ్ళిపోయాడు. అంతే. ఆ 'ఆగండి'కి ఆ పిల్ల ఉద్యోగం పోదు. ఆ మాట ఒకప్పుడు ఎంత బరువుండేదో ఆమెకి తెలియదు. తెలియకపోవడమే మంచిదనుకున్నాను, తెలిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

లోపలికి తీసుకెళ్ళాక యంత్రాలు తమ అంకెలు తామే రాసుకోవడం మొదలుపెట్టాయి. ఎవరూ వాటిని తిరగరాయమని అడగరు. ఆ అమ్మాయి తెర వంకే చూస్తోంది, చూడాల్సిన చోటే చూస్తోంది. నా నాడి మీద మాత్రం ఎవరి వేలూ లేదు. మత్తు ఎక్కేలోపల, దుప్పటి కింద, నా వేలు నేనే పెట్టుకుని లెక్కపెట్టుకున్నాను.