దశమి నాడు చూసిన నేల

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో మనుషులు రెండే రకాలని, బేరమాడి కొనేవాళ్లు ఒకరకం, చెప్పిన ధర ఇచ్చేసి ఇంటికెళ్లి బాధపడేవాళ్లు రెండోరకమని, నేను మొదటి రకంలో మొదటి వరసలో కూర్చున్నవాణ్ణని. అందులో నా తప్పు తక్కువే. నెల్లూరులో మా స్టీలు సామాన్ల అంగడిలో, గిన్నెల దొంతర్ల మధ్య పెరిగినవాణ్ణి. (నా ఉయ్యాల కూడా రెండు గుండిగల మధ్యే కట్టారని అమ్మ అంటుంది. నాయన ఒప్పుకోడు, అట్లా కడితే గుండిగలు సొట్టపోవా అంటాడు.) మా వీధి పిల్లలకి అంకెలకంటే ముందు సగానికి సగం అడగడం వస్తుంది. నాయన నాకు చెప్పిన పెద్ద పాఠం ఒకటే: "ఎదుటివాడు తగ్గినాడంటే ఎందుకు తగ్గినావని అడగబాకు. అడిగితే వాడికే అనుమానం వస్తుంది." ఆ పాఠాన్ని నేను ఎంత భక్తిగా పాటించానంటే, దాని పుణ్యమా అని ఒక ఆదివారం పొద్దున ముప్పైమంది పెద్దమనుషుల్ని బల్లలెక్కించి ఇడ్లీలు పెట్టాల్సివచ్చింది.

అప్పటికి గల్లా దగ్గర అన్న కూర్చునేవాడు, నేను నిచ్చెన మీద ఉండేవాణ్ణి. అడిగినవాళ్లకి పైఅరలోంచి కుక్కర్లు దించడం, కొనకుండా పోయినవాళ్ల కుక్కర్లు మళ్లీ ఎక్కించడం నా ఉద్యోగం. అంగడి వెనక ఒక గది అమ్మకానికి వస్తే గోడౌనుకి పనికొస్తుందని నాయన డబ్బు సిద్ధం చేసుకున్నాడు. ఆ డబ్బు మీద నా కన్ను పడింది. ఒక్క ఏడాది నా చేతికివ్వు, సొంతంగా ఒక వ్యాపారం నిలబెట్టి చూపిస్తా అన్నాను. నాయన మూడు రోజులు ఆలోచించి ఒక షరతు మీద ఇచ్చాడు. ఏడాదిలో అది నిలబడితే నా దారి నాది. నిలబడకపోతే మళ్లీ నిచ్చెన ఎక్కాలి, ఇక జన్మలో దిగే మాట ఎత్తకూడదు.

నా ఆలోచనకి మూలం ఫోనులో చూసిన వీడియోలు. ఎక్కడో ఎవరో ఏటి ఒడ్డున తాటాకు పాకలు వేసి, ఉయ్యాలలు కట్టి, వచ్చినవాళ్లకి చేపల భోజనం పెట్టి లక్షలు సంపాదిస్తున్నారు. మనకేం తక్కువ? కృష్ణపట్నం పోర్టుకి ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగులు వచ్చి ఉన్నారు, ఆదివారమొస్తే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక సతమతమవుతున్నారు. ఒక నోటుపుస్తకం నిండా రాసుకున్నాను: నాలుగు పాకలు, ఒక పడవ, పుట్టినరోజులు, పెళ్లికి ముందు తీయించుకునే ఫొటోలు, కార్లు నిలుపుకోవడానికి వేరే రుసుము. ఒక్క స్థలమే లేదు.

స్థలం తనంతట తానే అంగడిలోకి నడిచొచ్చింది. ఏటి పక్క పల్లె నుంచి చేపలుపట్టే ముసలాయన ఒకడు అన్నం గుండిగ కొనడానికి వచ్చాడు. చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చేశాడు. (రెండోరకం అని అప్పుడే లెక్క కట్టేశాను.) మాటల్లో మాటగా, ఏటి ఒడ్డున తనకి రెండెకరాలు ఊరికే పడి ఉన్నాయన్నాడు. నేను నిచ్చెన మీద నుంచే ఊరిపేరు అడిగాను. ఆయన్ని నేను పెద్దాయనా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బయ్యా అనేవాడు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. నాయన తిథి చూడందే చీపురుకట్ట కూడా కొనడు. అమావాస్య నాడు అంగడి గడప దాటి బేరానికి పోయేది లేదు, ఆ రోజు గుమ్మానికి గుమ్మడికాయ కొట్టి లోపల కూర్చోవడమే. పున్నమి నాడు ఇంట్లో వ్రతం, కాబట్టి ఆ రోజూ కదలం. అందుచేత స్థలం మొదటిసారి సప్తమి నాడు చూశాను. రెండోసారి అన్నని వెంటబెట్టుకుని దశమి నాడు చూశాను. ఏకాదశి నాడు కాగితం రాసుకున్నాం. మూడుసార్లూ ఏరు గట్టు కింద, కొత్తకోడలిలా ఒద్దికగా పారుతూ ఉంది. నేల బల్లపరుపు. ఒక్క చెట్టు లేదు, పొద లేదు, కొట్టించే ఖర్చు మిగిలిందనుకున్నాను. అక్కడక్కడా ముగ్గు చల్లినట్టు తెల్లగా ఉంటే, అబ్బ ఎంత శుభ్రమైన నేల అనుకున్నాను. వరసగా గుంజలు పాతి ఉంటే, కంచెకి సగం పని ఆయనే చేసిపెట్టాడనుకున్నాను. రెండెకరాలుండీ పెద్దాయన మాత్రం ఇల్లు అంతదూరాన మిట్ట మీద ఎందుకు కట్టుకున్నాడో ఆలోచించలేదు. ఆ ఇంటి మెట్లు ఎన్నో కూడా లెక్కపెట్టాను గానీ.

బేరం నా జీవితంలో అత్యుత్తమమైనది. ఏడాది కౌలు ఆయన ఒకటి చెప్పాడు, నేను అందులో సగం అన్నాను, ఆయన సరే అన్నాడు. అన్న నా కాలు తొక్కాడు. తొక్కినందుకు అర్థం 'ఎందుకో కనుక్కో' అని తర్వాత చెప్పాడు గానీ, నేను 'ఇంకా తగ్గించు' అనుకున్నాను. పెద్దాయన ఒకే ఒక్క కోరిక కోరాడు.

"అమావాస్యకీ పున్నానికీ మూడేసి రోజులు నేల మాకొదిలిపెట్టాల అబ్బయ్యా. మేం వలలు కట్టుకుంటాం."

వలలు నేల మీద ఎందుకు కడతారు? ఆరబెట్టుకోవడానికి కాబోలు, లేదా ఏదో దేవరకి చేసుకునే ఆచారం కాబోలు అనుకున్నాను. ఎట్లాగూ అమావాస్యా పున్నమీ మేం గడప దాటం. నాకు పనికిరాని రోజులు ఆయనకిచ్చి, ఇచ్చినందుకు కౌలులో ఇంకొంచెం కోత కోశాను. అంతటితో ఆగితే నేను మా వీధివాణ్ణెట్లా అవుతాను? మూడేసి రోజులు కుదరదు, ఒక్కోరోజే అన్నాను. పెద్దాయన ఏటికేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశాడు. "మీరు తగ్గమంటే తగ్గుతా. నాదేముంది," అన్నాడు. ఆ చూపుకి అర్థమేమిటా అని ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను. అప్పుడు మాత్రం గెలిచినవాడిలా ఆయన భార్య (ఆమెని పెద్దమ్మా అనేవాణ్ణి) ఇచ్చిన మజ్జిగ తాగి లేచాను.

పాకలు లేచాయి. బల్లలూ కుర్చీలూ వచ్చాయి. మొదటి గిరాకీ కూడా త్వరగానే తగిలింది. పోర్టులో ఒక కంపెనీ ఆఫీసు సారు, ప్రతిదానికీ గడియారం చూసుకునే మనిషి (మేం ఆయనకి టైమ్ సారు అని పేరు పెట్టుకున్నాం), ముప్పైమందిని కుటుంబాలతో తీసుకొస్తానన్నాడు. ఆదివారం, తొమ్మిదికి టిఫిను, ఒంటిగంటకి భోజనం. క్యాలెండరు చూస్తే ఆ ఆదివారం అమావాస్య. నాయన వద్దన్నాడు. గిరాకీ వచ్చిన రోజే మంచిరోజు నాయనా అని నేను పెద్ద మాట అన్నాను. ఆయన గుమ్మడికాయ తెప్పించుకోవడానికి వెళ్లిపోయాడు.

చిక్కల్లా కాగితంతోనే. అమావాస్య పెద్దాయనది. వెళ్లి ఆ ఒక్కరోజు నాకిమ్మని అడిగాను.

"వద్దబ్బయ్యా. ఆ రోజు మీకు పనికిరాదు," అన్నాడు.

అమ్మేవాడు 'మీకు పనికిరాదు' అన్నాడంటే ధర పెంచుతున్నాడని మా వీధి భాషలో అర్థం. వంద ఎక్కువిస్తానన్నాను. డబ్బు కాదబ్బయ్యా, ఆ రోజు వద్దు అన్నాడు. డబ్బు వద్దన్నవాడంత గట్టి బేరగాడు ఇంకొకడుండడు కదా, మెల్లగా వెయ్యిదాకా వెళ్లాను. చివరికాయన తల గోక్కుని, నోట్లు మడిచి భార్యకిచ్చి, సరే మీ ఇష్టమన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొస్తూ, ముసలాయన గట్టివాడే గానీ నేనింకా గట్టివాణ్ణని మురిసిపోయాను.

ఆదివారం పొద్దున అన్న మా అంగడి పేరు కొట్టిన గిన్నెలూ పళ్లేలూ వ్యానులో తెచ్చాడు. టైమ్ సారు తొమ్మిదికి ఒక నిమిషం ముందే దిగాడు. ఇడ్లీలు వడ్డిస్తున్నాం. అన్న నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు:

"ఒరే, ఏరు దగ్గరికొస్తాంది."

"లేదులే, మనమే బల్లలు దగ్గరగా వేసుకున్నాం," అన్నాను.

ఇంకాసేపటికి ఒక చిన్నపాప, అమ్మా నా చెప్పులు నడుస్తున్నాయి అంది. నిజంగానే నడుస్తున్నాయి. చప్పుడు లేదు, అల లేదు, ఎవరో నేల కిందనుంచి తివాచీ పరుస్తున్నట్టు నీళ్లు పాకల్లోకి వచ్చేశాయి. మడమలు, పిక్కలు, ఆపైన మోకాళ్ల కిందికి. ఆడవాళ్లు బల్లలెక్కారు. ఖాళీ గిన్నెలు ఒకదాని వెనక ఒకటి, మా అంగడి పేరు ఎండకి మెరుస్తుండగా, ఏటి పైకి ప్రయాణం కట్టాయి. అన్న ప్యాంటు మడుచుకుని వాటి వెనక పరుగెత్తాడు. టైమ్ సారు బల్ల మీద నిలబడి, గడియారం చూసుకుని, ఇది ఎన్నింటికి దిగుతుందని అడిగాడు. నేను ఆయన పళ్లెంలో ఇంకో ఇడ్లీ వేశాను.

మిట్ట మీద పెద్దాయన, ఆయన భార్య, తమ్ముడి కొడుకులిద్దరూ వరసగా కూర్చుని ఉన్నారు. వలలు పక్కనే చుట్టిపెట్టి ఉన్నాయి. కుర్చీల మధ్య చేపలు ఎగురుతున్నాయి. నేను నీళ్లలో ఈడ్చుకుంటూ వెళ్లి, చూస్తూ కూర్చున్నావేంది పెద్దాయనా, వల వేసుకోరాదా అన్నాను.

"ఈ రోజు మీది గదబ్బయ్యా. డబ్బు తీసుకున్నాం. మాట మాటే," అన్నాడు.

అంత అవమానంలోనూ ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఆ రోజు మళ్లీ నీదే, తీసుకో అన్నాను. ఎంతకి అని ఆయన అడగలేదు. నలుగురూ దిగి గుంజ నుంచి గుంజకి వల కట్టేశారు. (నా కంచె!) నీళ్లు దిగడం మొదలయ్యేసరికి బల్లల మీది జనం ఇడ్లీలు మరిచిపోయి అటే చూస్తున్నారు. నీళ్లు వెనక్కి పోతున్నాయి, చేపలు వల ఇవతలే ఉండిపోతున్నాయి. టైమ్ సారు ప్యాంటు మడిచి దిగిపోయాడు, ఇదేం చేప, అదేం పీత, రేపూ ఇట్లాగే వస్తుందా అని పెద్దాయన్ని వదల్లేదు. ఒంటిగంటకి పెద్దమ్మ చేతి పులుసుతో అందరూ తడినేల మీదే భోంచేశారు. నేను వండించిన పప్పు మిగిలిపోయింది.

అందరూ వెళ్లాక గట్టు మీద కూర్చుని, ముందే ఎందుకు చెప్పలేదని పెద్దాయన్ని అడిగాను.

"రెండు తూర్లు చెప్పినా. మొదటి తూరి కౌలు తగ్గించినారు, రెండో తూరి రేటు పెంచినారు. మూడో తూరి చెప్తే ఏం చేస్తారో అని ఊరుకున్నా."

అప్పుడు వివరంగా చెప్పాడు. సముద్రం పోటు అమావాస్యకీ పున్నమికీ పెద్దది, ఏట్లోకి ఎగదన్ని గట్టు దాటుతుంది. నడిమధ్య రోజుల్లో నీరసంగా వచ్చి పోతుంది. సప్తమి, దశమి, ఏకాదశి. మేం మంచిరోజులని ఎంచుకున్నవన్నీ ఏటికి సెలవురోజులు. ఇది ఆ పల్లెలో వల పట్టిన ప్రతివాడికీ తెలుసు. తెల్లగా ఉన్నది ముగ్గు కాదు, ఉప్పు. ఇక నేను మూడురోజుల్ని ఒకరోజుకి తగ్గించిన సంగతి ఏటికి ఎవరూ చెప్పలేదు.

అసలు తమాషా ఆ తర్వాత. మిగతా రోజుల్లో వచ్చినవాళ్లు ఎండిన నేల చూసి, నీళ్లు ఎప్పుడొస్తాయట అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. టైమ్ సారు చెప్పిన కబుర్లు అట్లా పాకాయి. జనానికి కావలసినవి అమావాస్యా పున్నమీ. అవి పెద్దాయనవి. వాటిని ఆయనకి రాసిచ్చిన కాగితంలో చేతిరాత నాది. మళ్లీ వెళ్లి కూర్చున్నాను. ఆయన ఈసారి వలకి ముడి వేసుకుంటూ చెప్పాడు: వంట పెద్దమ్మది, వల వాళ్లది, జనాన్ని పిలుచుకురావడం నాది. నాలుగు వాటాల్లో మూడు వాళ్లకి, ఒకటి నాకు. నేను సగం అనబోయాను. ఆయన వల పక్కన పెట్టి ఏటికేసి చూశాడు. నేను నాలుగోవంతుకి ఒప్పుకున్నాను.

ఏడాది అట్లా నడిచింది. జనం వచ్చారు, నవ్వారు, తడిశారు. నా వాటా మాత్రం పాకల ఖర్చుకే సరిపోయింది. గడువు నాడు నాయన ముందు నిలబడితే ఆయన తిట్టలేదు. "గిన్నెలెన్ని పోయినాయి?" అని మాత్రం అడిగాడు. పదకొండు అని చెప్పి నిచ్చెన ఎక్కాను. (ఇప్పుడు గల్లా దగ్గరే కూర్చుంటున్నాను లెండి. అన్న వేరే అంగడి పెట్టుకున్నాడు.)

మొన్న పున్నమికి మా ఆవిడనీ పిలకాయల్నీ తీసుకుని చాలా ఏళ్ల తర్వాత అటు వెళ్లాను. పాకలు ఆరయ్యాయి, కాళ్ల కింద ఎత్తుగా చెక్కలు పరిచారు. పెద్దాయన ఇప్పుడు మిట్ట దిగడంలేదట. గేటు దగ్గర ఆయన తమ్ముడి మనవరాలు, కాలేజీలో చదువుతున్న పిల్ల, మా వ్యాను మీది అంగడి పేరు ఒకసారి చూసి, మనిషికింత అని చెప్పింది. నా నోరు అలవాటుగా సగం అంది. ఆ పిల్ల నవ్వి, పది శాతం తగ్గించింది. అంత తొందరగా ఎందుకు తగ్గావమ్మా అని అడిగాను. ఈసారి అడిగాను.

"నెల్లూరు అంగడోళ్లొస్తే ముందే ఇరవై శాతం ఎక్కువ చెప్పమన్నాడు సార్ మా పెద్దతాత. వాళ్లకి తగ్గిస్తే గానీ అన్నం సయించదంట."

మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ తాతకి ఈ సంగతి ఎవరిని చూసి తెలిసిందో ఆ పిల్లకి చెప్పాలనిపించింది గానీ, వెనక కార్లు నిలబడి ఉన్నాయి. డబ్బులిచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచాను.