పైకి లేవని కుడి చెయ్యి

నా చిన్నప్పుడు మా శామీర్‌పేట బడిలో జవాబు తెలిసినవాళ్లు కుడి చెయ్యి ఎత్తాలి. నా కుడి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయేది. పుట్టినప్పటి నుంచీ అంతే. ఎడమ చెయ్యి ఎత్తితే, పెద్దల ముందు ఎడమ చెయ్యేమిటని పంతులుగారు తిట్టారు. సరే, ఎత్తడమే మానేశాను. ఎక్కాలన్నీ నోటికొచ్చినా మొద్దునని పేరు పడింది.

ఇంట్లో ఇంకో పేరు, పనిదొంగ. మాది చేపలు పట్టే ఇల్లు. గంప నెత్తికెత్తుకోమంటే ఏడ్చేదాన్ని. మా నాయిన "నకరాలు జెయ్యకు" అంటూ చెయ్యి పట్టి పైకి గుంజేవాడు. లోపల ఏదో ఇరుక్కుని కలుక్కుమనేది. చెబితే ఎవరు నమ్మారు గనక! కొన్నాళ్లకు నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నకరాలు చేస్తున్నానేమోనని. నన్ను నేనే నమ్మని ఆ ఒంటరితనం పగవాళ్లకు కూడా వద్దు.

ఒకసారి గౌను కుట్టించడానికి మా అవ్వ నన్ను పక్కింటి ఖాలా దగ్గరకు తీసుకెళ్లింది. ముస్లింల ఇళ్లలో పిన్నిని ఖాలా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆమె ఊళ్లో ఆడవాళ్ల బట్టలు కుట్టేది. చంక కొలతకని చెయ్యి లేపమంది. లేపాను, ఆగింది. ఇక గుంజుతుందని కళ్లు మూసుకున్నాను. ఆమె గుంజలేదు. టేపు మెడలో వేసుకుని, నా భుజం మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా ఆడించి చూసింది.

"అవ్వా, గీ పోరి నకరాలు జేస్తలేదు. లోపల ఏందో తట్టుకుంటాంది, నా చేతికి తెలుస్తాంది. ఇగ ఎవ్వలు గుంజకుండ్రి."

ఆమె ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ గౌనుకు చంక వదులుగా పెట్టి, భుజం మీద గుండీలు కుట్టింది. తొడుక్కునేటప్పుడు నొచ్చే చెయ్యి ముందు, మంచి చెయ్యి తర్వాత అని నేర్పింది. నాయిన గుంజడం మానలేదనుకోండి. కానీ నా మీద నాకున్న అనుమానం పోయింది.

మొన్న బహదూర్‌పల్లిలో డాక్టరు స్కాన్ చూసి, కీలులో సందు పుట్టుకతోనే ఇరుకని, ఒరిసి ఒరిసి భుజాన్ని పట్టి ఉంచే కండరాలు అరిగి చిరిగాయని చెప్పాడు. అరవై ఏళ్లకు నాకు సాక్ష్యం దొరికింది. చూపిద్దామంటే నాయిన లేడు, అవ్వ లేదు, ఖాలా కూడా లేదు. ఆ స్కాన్ కవరు ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఒక్కదాన్నే ఇంటికొచ్చాను.

ఎవరైనా నొప్పి అంటే నేను ముందు నమ్ముతాను. ఎక్కడ అని ఆ తర్వాతే అడుగుతాను. ఇన్నేళ్లలో ఒకరిద్దరు దొంగ నొప్పులతో నన్ను మోసం చేసే ఉంటారు. చేయనీ.