నా అరుపుల నడుమ అతని మాట

నా పేరు చెన్నమ్మ. డెబ్బై దాటిన మనిషిని. మక్తల్ దగ్గరి మా ఊళ్లో గొర్లూ చేనూ చిన్నకొడుకుకు అప్పజెప్పి, పాలమూరులో పెద్దకొడుకింట ఉంటున్నాను. మా పక్కింటి అర్జీల భాయి మొన్న శుక్రవారం దవాఖానలో కన్నుమూశాడు. నేను చెబుతుంటే నా మనుమరాలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను.

భాయి ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని జనానికి అర్జీలు కొట్టిచ్చేవాడు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మీటలు ముట్టేవాడు కాదు. టకటక చప్పుడు మాటకు అడ్డమని వేళ్లు ఒళ్లో పెట్టుకుని వినేవాడు.

మా దాయాదులు, ఆ పాలోళ్లు, గెట్టును మా చేన్లోకి జరిపారని అర్జీ రాయించడానికి పోయాను. "నువ్వొకటి రాసి ఇంకొకటి చదువుతే నాకేం తెలుస్తది?" అని మొహమ్మీదే అడిగాను. నొచ్చుకోలేదు. మైకు తెచ్చి నా ముందు పెట్టాడు.

"నీ గొంతే పట్టిపెడ్త అక్కా. రేపు నేను తప్పు రాస్తే గీ పెట్టెనే చెప్తది."

ఇక రోజూ పోయి, పాలోళ్ల తాతల్ని కూడా వదలకుండా తిట్టి వచ్చేదాన్ని. రాతకన్నా గొంతు ఎక్కువ జాగా తింటుందట. ఒకనాడు పెట్టె నిండిపోయింది. లోపలి జాగా రెండు అరలుగా ఉందని, ఒకదాంట్లో అర్జీలూ నా గొంతూ, రెండోదాంట్లో తన ఇంటివి ఉన్నాయని చెప్పాడు. రెండో అర తీసేసి ఆ జాగా మొదటిదాంట్లో కలుపుతానన్నాడు. పట్నం నుంచి దానికోసమే సీడీ తెప్పించాడు.

"గోడ తీయనీకి గింత ఆలోచనా? పలుగు తెమ్మంటవా?" అన్నాను.

"గెట్టు తీసేముందు గా పక్క పైరు ఎత్తుకోవాలె గద అక్కా" అని నవ్వాడు.

తన రాతలు ఫ్లాపీల్లోకి ఎత్తుకున్నాడు. ఫ్లాపీల్లో పట్టనివి పోనిచ్చాడు. ఏం పోయిందని నేను అడగలేదు. అర్జీ ఎప్పుడిస్తావని కసిరాను.

ఖబరస్తాన్ నుంచి మగవాళ్లు తిరిగొచ్చాక భాయి బిడ్డ షాహీన్ నా పక్కన కూర్చుంది. తాను పనిలో ఉన్నప్పుడు ఈ పిల్ల వినాలని భాయి పాఠాలు తన గొంతుతో చదివి ఆ రెండో అరలో పెట్టాడట. పోయినవి అవే.

"అబ్బా గొంతు ఇంకెక్కడ లేదు పెద్దమ్మా. నీ అర్జీలనే ఉంది" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మా దిక్కున గెట్టు జరిపినవాళ్లు పక్కవాడి చేన్లోకే జరుపుతారు. ఈ మనిషి తన చేన్లోకి తానే జరిపి, ఆ జాగా నా తిట్లకిచ్చాడు.

ఇద్దరం కూర్చుని విన్నాం. అంతా నా అరుపులే. నేను ఊపిరి తీసుకున్నచోట మాత్రం "చెప్పక్కా" అని అతని గొంతు. ఒకచోట "అది కాదక్కా, నేనేమంటున్ననంటే" అనగానే అడ్డం పడ్డాను. ఏమనబోయాడో ఇక తెలియదు.

పాలోళ్లతో రాజీ అయింది. ఆ తిట్లు వాళ్ల చెవిన పడితే పరువు పోతుందని, అన్నీ చెరిపించమని నా కొడుకు అంటున్నాడు.

"పోతే పోనీరా. దాంట్ల ఒక్క తిట్టు తీసినా దాని పక్కన ఉన్న భాయి మాట పోతది" అన్నాను. నా దావా ఇంతే. నేనుండగా గానీ, పోయాక గానీ, ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

పొద్దునపూట గోడకవతల నుంచి నా గొంతు నాకే వినబడుతుంది. చాలించవే అంటాను, ఆ ముసల్ది ఆగదు. అది ఊపిరి కోసం ఆగినచోట, షాహీన్ శబ్దం కొంచెం పెంచుతుంది.

చెన్నమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: భాయి భార్య రహీమా, భాయి బిడ్డ షాహీన్.