రాకర్లకు ఎక్కని ఆయిల్

మా ఆయన దుబాయి వెళ్లాక ఎల్లారెడ్డి దగ్గరి మా పొలంలో ట్రాక్టరు నేనే తోలేదాన్ని. పాత బండి. ఇంజను హెడ్డు దగ్గర నీళ్లు కారుతుంటే కామారెడ్డిలో ఒక మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయి గాస్కెట్ మార్పించాను. మూడో రోజుకే ఇంజను పైభాగంలో టకటకమని చప్పుడు మొదలైంది.

మళ్లీ తోలుకుపోయాను. మేస్త్రీ బానెట్ కూడా ఎత్తలేదు.

"దీని పని అయిపోయిందక్కా. తుక్కుకేసి కొత్తది చూసుకోండ్రి."

"నువ్వు విప్పకముందు ఈ సప్పుడు లేకుండె అన్నా."

"ఇంజన్ సంగతి నీకేం తెలుస్తది? మీ ఆయన వచ్చినంక మాట్లాడ్త."

తిరిగి వస్తుంటే దారంతా ఆ మాటే గుచ్చుకుంది. మరునాడు పొద్దున్నే వాకిట్లో గోనెసంచి పరిచి, పానాలు పెట్టుకుని, ఇంజను మీది మూత విప్పాను. వాల్వులను నొక్కే రాకర్లు ఆయిల్‌తో తడిసి ఉండాలి. ఒక్కటీ తడిగా లేదు. ఇంజను నడిపి చూస్తే మీటరులో ఆయిల్ ఒత్తిడి ముల్లు మాత్రం సరిగ్గానే ఉంది. ఫోన్‌లో మా ఆయనకు చూపించాను.

"కింద పంపు నూకుతున్నది, పైకి వస్తలేదు. హెడ్డుల ఒక బెజ్జం ఉంటది సూడు. దాంట్లకెల్లి ఆయిల్ స్టాండుకెక్కి, డొల్లగున్న షాఫ్ట్ లోపలికి పోతది. అక్కడికెల్లే రాకర్లకు. ఆ బెజ్జం మూసుకుపోయిందేమో."

రాకర్లుండే షాఫ్ట్‌ను మోసే స్టాండ్లన్నీ ఊడదీశాను. హెడ్డులో బెజ్జం రెండో స్టాండు కింద ఉంది, శుభ్రంగానే ఉంది. కానీ ఆ స్టాండుకు బెజ్జమే లేదు. బెజ్జమున్న స్టాండు మూడో చోట ఉంది. బిగించేటప్పుడు మేస్త్రీ తారుమారు చేశాడు.

రెండూ మార్చి బిగించి, మా ఆయన చెబుతుంటే ట్యాపెట్లు, అంటే రాకర్లకూ వాల్వులకూ మధ్య సందులు, సరిచేశాను. మూత పెట్టకుండానే స్టార్ట్ చేశాను. కాసేపటికి మొదటి రాకరు దగ్గర ఆయిల్ చెమ్మగా ఊరింది. తర్వాత అన్నిటి మీదా కారింది. తడి లేక తిరిగిన ఒక రాకరు మాత్రం అరిగిపోయింది.

దాన్ని విప్పకుండా అలాగే ఉంచి ట్రాక్టరు మీదే కామారెడ్డి షెడ్డుకు పోయాను. అక్కడున్న వాళ్లందరి ముందూ మూత విప్పి, అరిగిన రాకరు చూపించి, స్టాండ్లు ఎలా తారుమారయ్యాయో చెప్పాను.

"పొరపాటు అందరికీ అయితదక్కా" అన్నాడు మేస్త్రీ.

"అయితది. నేను దానికి రాలే. సూడకుండనే తుక్కు అన్నవు, దానికి వచ్చిన."

అతను లోపలికి పోయి కొత్త రాకరు తెచ్చాడు. బిగిస్తానని పానా తీశాడు. వద్దని, నేనే బిగించుకున్నాను.