బొగ్గుబాయిలో పుట్టిన బడ్డీ

మేము బొగ్గుబాయిలో కొత్తగా దిగిన ఆ రోజుల్లో మనిషికి పెళ్లాం దొరకడం తేలిక, జత దొరకడం కష్టం. ఇద్దరు కలిసి తట్టలతో బొగ్గెత్తి టబ్బు నింపాలి. ఎవడు ఎంత ఎత్తినా పని ఇద్దరి పేరునా సమానంగా పడేది. అందుకని బక్కవాణ్ని చూస్తే అందరూ మొహం తిప్పుకునేవారు. నేనప్పుడు భీముడిలా ఉండేవాణ్ని (సరే, టోపీకి దీపం తగిలిస్తే మెడ వాలిపోయేది). జత కుదరనివాళ్లను ఎక్కడో దూరాన ఉన్న గోలేటి బాయికి పంపేస్తారని, మా చేత పని చేయించే సర్దార్ చెప్పాడు. నాకేమో పెళ్లయి నెల తిరగలేదు. గోదావరిఖనిలో కాపురానికి కొన్న కుండలకు ఇంకా మసి కూడా అంటలేదు.

ఇక మిగిలింది సప్పుడు కాక ఒక్కడే. కమాన్‌పూర్ మనిషి. కర్రతో బాయి పైకప్పును తట్టి, ఆ సప్పుడు విని, అక్కడ నిలబడొచ్చో లేదో చెప్పేవాడు. ఆయన చెప్పిన చోట నిలబడ్డవాడి మీద గులకరాయి కూడా పడలేదు (నా మీద ఒకసారి పడింది, జరగమంటే నేనే జరగలేదు). ఆయన జతగాడు అప్పుడే రిటైరయ్యాడు. అంత పనిమంతుడు నన్నెందుకు ఒప్పుకుంటాడు? నాకున్న ఆస్తల్లా పదో తరగతి ఇంగ్లీషు. దీపాలిచ్చే గది దగ్గర, కోస్తా నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు తన స్నేహితుణ్ని 'బడ్డీ' అని పిలవడం విన్నాను. అదే అస్త్రమనుకుని, సద్ది తినే వేళకు కాక పక్కన చేరాను.

"కాకా, మనం బడ్డీలమయితమా?"

"ఏందిరా అది? తినేదా, తొడిగేదా?"

"జతగాడన్నట్టు కాకా, ఇంగ్లీషుల."

"గట్లనా! యాడ పుట్టిందిరా గా మాట?"

తెలియదంటే గోలేటే. కోతలు కోయడం మొదలుపెట్టాను.

"బొగ్గుబాయిలనే పుట్టింది కాకా! ఇంగ్లండుల బాయిలకు దిగేటోళ్లు పక్కోన్ని గట్లనే పిలుస్తరు. రాణి గూడ ఒకపాలి దిగి, గట్లనే పిలిచింది."

"రాణి తట్ట ఎత్తిందా?"

"ఎత్తలే. చూసి పోయింది."

"మన ఆఫీసర్ల లెక్కనే అన్నట్టు."

(రాణి సంగతి పచ్చి కల్పన. ముందు చెప్పింది కూడా నేనల్లిందే.)

కాక కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మరి గా బడ్డీలు సద్ది కలుపుకుంటరా?" అనడిగాడు. మా బాయిలో జతగాళ్లు ఇద్దరి సద్దీ ఒకే గిన్నె మూతలో కలుపుకుని తినేవారు. కలపనివాడు జతే కాదు.

"కలుపుకుంటరు కాకా."

"అయితే మంచి మాటనే. తే నీది."

నా కొత్త పెళ్లాం వండిన వంకాయ కూర మూతలో పడింది. కాక తన జొన్నరొట్టె విరిచి పెద్ద ముక్క నా వైపు తోశాడు. "తినుర, తట్ట ఎత్తాలె. నేను పైకప్పు కొట్టేటప్పుడు మాత్రం నీ రాణిని నోరు మూసుకోమను."

గోలేటి తప్పింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇద్దరం సమానంగా బొగ్గెత్తాం (ఆయన ఎత్తాడు, నేను కబుర్లు చెప్పాను. ఒక్కనాడూ సర్దార్‌కు చెప్పలేదు మహానుభావుడు).

మొన్న టీచరైన మా కోడలు ఫోనులో ఏదో చదువుతూ, "మామయ్యా, ఈ బడ్డీ అనే మాట మీ బాయిలదేనట!" అంది. 'బ్రదర్' నుంచి వచ్చిందని కొందరంటారట. ఇంగ్లండు బొగ్గుగనుల్లో జతగాణ్ని 'బట్టీ' అనేవారు, అందులోంచి పుట్టిందని ఇంకొందరంటారట. ఆ 'బట్టీ' కూడా, దొరికిన సొమ్ము కలిసి పంచుకునేవాడనే అర్థంలోంచే వచ్చిందేమోనని ఉందట. జీవితంలో నా అబద్ధం ఒక్కటైనా నిజమయ్యే దారిలో పడింది! మరునాడే కమాన్‌పూర్ బస్సెక్కాను.

కాకకు ఇప్పుడు చెవులు వినబడవు. పైకప్పు గుసగుసలు విన్న చెవులవి. గట్టిగా అరిచాను. "కాకా! బడ్డీ నిజంగనే బొగ్గుబాయిల పుట్టిందట!"

"నువ్వు అప్పుడే చెప్తివి గదరా."

"అప్పుడు అబద్ధం చెప్పిన!"

"అదీ ఎరుకే. రాణి దిగిందన్ననాడే ఎరుక."

"మరి నన్నెందుకు జత చేసుకుంటివి?"

"గంత చీకట్ల నన్ను నవ్విచ్చినోడు ఇంకోడు లేకుండెరా," అన్నాడు. ఆ వెంటనే, "సద్ది తెచ్చినవా?"

తేలేదు. శుభవార్త మోసుకొచ్చే హడావిడిలో మర్చిపోయాను. ఆయన కంచంలో రొట్టె విరిచి నా వైపు తోశాడు. పెద్ద ముక్కే (ఈసారి పెంచి చెప్పడం లేదు).