పెద్దక్క అడిగి తెచ్చుకున్న గ్రేడు

మా బ్యాంకు శాఖలో క్యాష్ కౌంటరంటే మేమంతా పెద్దక్క అని పిలిచే క్యాషియరే. కళ్ళజోడు ముక్కు కొసకు జారేది గానీ ఆమె లెక్క ఏనాడూ జారలేదు. నోటికి మాత్రం తలుపూ గడియా లేవు. చిరిగిన నోటు తెచ్చినవాణ్ణీ, చిల్లర తెప్పించని మేనేజరునీ ఒకే గొంతుతో దులిపేసేది.

ఏడాది చివర మాకు గ్రేడులు వేస్తారు. పై గ్రేడుకి పెద్ద ఇన్సెంటివ్, మధ్యవాటికి కాస్తో కూస్తో. అందరూ ఒళ్ళు వంచి పనిచేసినా సరే, శాఖకొకరికి అట్టడుగు గ్రేడు వేసి తీరాలని పై ఆఫీసు రూలు. ఆ ఒక్కరికీ ఇన్సెంటివ్ ఉండదు, మరుసటి ఏడు ప్రమోషన్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఐదు వేళ్ళూ సమానంగా ఉండవు, నిజమే. అందుకని ఏటా ఒక వేలు కోసుకుంటామా? మామూలుగా ఆ గ్రేడు సెలవు ఎక్కువ పెట్టినవాళ్ళ నెత్తిన పడేది.

నేను పురిటి సెలవు నుంచి వచ్చిన ఏడాది నా నెత్తిన పడింది. అప్పటికి మా ఆయన కొట్టు మూతపడింది. ఆ పరీక్ష గట్టెక్కితేనే ఇల్లు గడిచేది. మేనేజరు మంచివాడే. గదిలోకి పిలిచి తల దించుకున్నాడు.

"ఏం చెయ్యనమ్మా, ఎవరో ఒకరికి వెయ్యాలి కదా!"

నాకు ఏడుపు ఆగలేదు. పక్కనే ఉన్న క్యాష్ క్యాబిన్‌లోకి అది వినపడినట్టుంది, పెద్దక్క తలుపు తోసుకుని వచ్చింది.

"అదేదో నాకు వేసెయ్యండి సార్. ఈ వయసులో ప్రమోషన్ ఎవరికి, నా మోకాళ్ళకా?"

"మీకెలా వేస్తానండీ? లెక్కలో ఒక్కనాడూ తేడా రాలేదు. కారణం ఏం రాయను?"

"నోటి దురుసు అని రాయండి. అబద్ధం కూడా కాదు."

ఆయన అదే రాశాడు. ఆ ఏడు వచ్చే ఇన్సెంటివ్‌తో వాషింగ్ మెషీన్ కొంటానని శాఖంతా చాటిన మనిషి, ఆ తర్వాత కూడా చేత్తోనే బట్టలు ఉతుక్కుంది. ఆ రోజు నేను కాళ్ళకు దండం పెట్టబోతే కసిరింది.

"చాల్లే, బాలింతవి, వంగకు. పోయి చదువుకో."

చదివాను, గట్టెక్కాను. మా ఇంటిల్లిపాదీ అన్నం తిన్నది పెద్దక్క పుణ్యమే. ఆ ఋణం నేను ఏం చేసినా తీరదు. మరుసటి ఏడు లోన్ల గుమస్తా తనంతట తానే వెళ్ళి అడుగు గ్రేడు తనకు వెయ్యమన్నాడు. అప్పట్నుంచి మా శాఖలో దాన్ని వంతులేసుకుంటున్నారు. పరీక్ష రాయాల్సినవాళ్ళ జోలికి అది పోదు.

బదిలీల మీద ఊళ్ళు తిరిగి, ఈ ఏడు అదే శాఖకు మేనేజరుగా వచ్చాను. పెద్దక్క రిటైరయ్యేదీ ఈ ఏడే. నేను నోరు విప్పకముందే లోన్ల గుమస్తా "ఈసారి అడుగు గ్రేడు వంతు నాదండీ" అని గుర్తుచేశాడు. పై గ్రేడు ఎవరికివ్వాలో ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

సంతకానికి పెద్దక్కను పిలిచాను.

"పై గ్రేడా! నీకేమైనా మతిపోయిందా అమ్మాయ్? పై ఆఫీసువాళ్ళకి కారణం చెప్పొద్దూ?"

"రాశానక్కా, చూడు."

కళ్ళజోడు పైకి తోసుకుని చదివింది. 'నోటి దురుసు.' ఆ నోట మాట రాకపోవడం నేను చూసింది అదే మొదటిసారి.