ఇంగ్లీషు బండి, సిగరెట్టు కాగితం

నెలకోసారి వీధి చివరి బంకులో ఒకే ఒక్క సిగరెట్టు కొంటాను. నాకు తాగే అలవాటు లేదు. పొగాకు దులిపేసి, కాగితం మాత్రం జేబులో పెట్టుకుంటాను. బంకాయన ప్రతిసారీ నవ్వుతాడు. "ఏమప్పా, కొనేది నువ్వు, తాగేది బండా?" అంటాడు. అననీ. పాత ఇంగ్లీషు మోటారు సైకిల్ లేచి కూర్చునేది ఆ కాగితంతోనే.

తిరుపతిలో నాది ఇంటి ముందరే రేకుల షెడ్డు. నలభై ఏళ్ళుగా ఆ పాత బళ్ళ ఇంజన్లే విప్పుతున్నాను, బిగిస్తున్నాను. విసుగొచ్చింది, చెప్పడానికి సిగ్గెందుకు? నట్టు కింద పడితే వంగి తీయాలా, డబ్బాలోంచి ఇంకోటి తీసుకోవాలా అని ఆలోచించే వయసు. ఇంకోటి దొరికితే కదా! వీటి నట్ల కొలతే వేరు. ఇప్పటి స్పానరు పట్టినట్టే ఉంటుంది, బలం పెట్టగానే జారి నట్టు మూలలు అరిగిపోతాయి. అలా చెడగొట్టుకున్నాక నా దగ్గరికి వస్తారు. వీటికి సరిపోయే స్పానర్ల మూట చిత్తూరులో నాకు పని నేర్పిన మేస్త్రీ ఇచ్చాడు. కాగితం విద్యా ఆయనదే.

ఇంజన్లో పిస్టన్ పైకి వస్తున్నప్పుడు సరిగ్గా ఒక చోట ప్లగ్గులో నిప్పురవ్వ పడాలి. ప్లగ్గు విప్పి, ఆ బెజ్జంలోకి గీత గీసిన సైకిల్ చక్రం కమ్మి దించి, పిస్టన్‌ను ఆ చోట నిలబెడతాం. రవ్వ పుట్టించే మాగ్నెటోలో రెండు పాయింట్లు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. అవి విడిపోయిన క్షణమే రవ్వ. వాటి మధ్య సిగరెట్టు కాగితం పెట్టి, ఒక చేత్తో మాగ్నెటోను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, రెండో చేత్తో కాగితాన్ని మెల్లగా లాగుతూ ఉండాలి. అది పట్టు వదిలిన చోట ఆపి బిగించాలి. "కంటితో సూడొద్దురా, యేలితో సూడు," అనేవాడు మేస్త్రీ.

ఆ వేళ్ళే నన్ను వదిలేశాయి. షుగరు. ఒకరోజు పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించాను. "నీకు కాలలేదా?" అంది నా భార్య. మెకానిక్ చేతులు మొద్దుబారే ఉంటాయని నవ్వేశాను. నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు, చెబితే ఇంక బండి ఎవరు తెస్తారు?

పలమనేరు నుంచి ఒకాయన వాళ్ళ నాయన నడిపిన బండి తెచ్చాడు. నెల రోజులు పట్టింది. అంతా బిగించి ఇచ్చాను. షెడ్డు ముందరే కిక్ కొట్టాడు. ఇంజను లేవలేదు సరికదా, కిక్ రాడ్ గుర్రం తన్నినట్టు వెనక్కి ఎగిరి ఆయన పిక్కకు తగిలింది. మనిషి అక్కడే కూలబడిపోయాడు.

ఆ క్షణమే నాకు అర్థమైంది. కాగితం వదిలిన సంగతి నా వేలికి ఆలస్యంగా తెలిసింది. అప్పటికే పాయింట్లు బాగా తెరుచుకున్నాయి. నేను ఆలస్యమైతే రవ్వ తొందరపడుతుంది, పైకి వచ్చే పిస్టన్‌ను సగంలోనే వెనక్కి తంతుంది. ఇదంతా తెలిసి కూడా నా నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"లివరు వెనక్కి తిప్పలేదా సార్?"

హ్యాండిల్ మీద రవ్వను ముందుకూ వెనక్కూ జరిపే చిన్న లివరు ఉంటుంది. కిక్ కొట్టే ముందు దాన్ని వెనక్కి తిప్పడం మరిచిపోయినా ఇలాగే తన్నుతుంది. ఆయన పిక్క పట్టుకునే ఆలోచించాడు.

"తిప్పినట్టే గుర్తుండాది... మర్సిపోయింటాలేప్పా. తప్పు నాదే."

బండి నా దగ్గరే వదిలి, కుంటుకుంటూ బస్సెక్కాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు పుల్లర్‌తో మాగ్నెటో పళ్ళచక్రం మళ్ళీ ఊడదీశాను. కాగితం మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ మూడు చోట్ల వదిలింది. ఇలాగే ఇచ్చేస్తే ఈసారి ఆయన కాలు విరుగుతుంది. కోపం పట్టలేక స్పానరు విసిరేశాను, మేస్త్రీ ఇచ్చిన స్పానరే.

గడప మీద నా భార్య కనకాంబరాలు కడుతోంది. ఆ పూల కాడలు దారం కంటే సన్నం. ఆమె వాటి వంక చూడనైనా చూడదు, వీధిలో పోయేవాళ్ళతో మాట్లాడుతూనే మూర కట్టేస్తుంది.

"దాన్నేంటికి ఇసిరేస్తావు? ఏమైందో సెప్పు."

నలభై ఏళ్ళలో ఆమె నా షెడ్డులో ఒక నట్టు ముట్టలేదు. నేనే ముట్టనివ్వలేదు. అంతా చెప్పేశాను, లివరు అబద్ధంతో సహా. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కాగితం కొస పట్టుకుంది. నేను మాగ్నెటో తిప్పాను.

"వదిలింది."

నమ్మలేక మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. మూడుసార్లు. మూడుసార్లూ ఒకే చోట వదిలింది. సంతోషమని చెప్పను. ఏడుపొచ్చింది. బిగించాక ముందు నేనే కిక్ కొట్టాను, తంతే నన్నే తన్నాలని. రెండో కిక్‌కు లేచింది.

పది రోజులకు పలమనేరాయన వచ్చాడు. పిక్కకు ఇంకా కట్టుంది.

"ఈసారి లివరు మర్సిపోనులేప్పా," అన్నాడు.

"ఆ పొద్దు గూడా నువ్వు మర్సిపోలేదు సార్. తప్పు నాది. నా యేళ్ళకు స్పర్శ లేదు. తెలిసీ నీ మీద యేసినాను."

ఆయన వంగి పిక్క మీది కట్టు సవరించుకున్నాడు. "మరి ఇప్పుడు రవ్వ పెట్టిందెవురు?" అన్నాడు.

గడప మీద కూర్చున్న నా భార్యను చూపించాను. ఆయన బండెక్కి, లివరు వెనక్కి తిప్పి, కాలు కిక్ మీద పెట్టి ఆగాడు. నా ముఖం చూడలేదు, ఆమె ముఖం చూశాడు. ఆమె తలూపాకనే కొట్టాడు.